కిరాయి గదిలో గిటార్: నల్లగొండ, పాలమూరు నుంచి పరదేశం పోయినవాళ్లకు

నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు, వనపర్తి దిక్కు నుంచి డల్లాస్‌కో టొరంటోకో దుబాయ్‌కో పోయిన పిల్లలు మొదటి ఏడాదే గిటార్ కొనడం, మూడో నెలకల్లా దాన్ని మంచం కిందికి తోసెయ్యడం కొత్తేం కాదు. "నా వేళ్లు మొద్దు, నాకు రాదు" అనుకుంటారు. ఆ గిటార్ చేతిలోకి తీసుకుని చూస్తే చాలాసార్లు వేరే సంగతి బయటపడుతుంది. తీగలు బాగా ఎత్తులో ఉంటాయి, హీటర్ వేడికి చెక్క ఎండి ఉంటుంది, శ్రుతి కలిసి ఉండదు. ఈ మూడూ సరిచేసుకుంటే మిగిలేది రోజుకు ఇరవై నిమిషాల సాధనే. అందుకే వేళ్ల కన్నా ముందు వాద్యం గురించి, జర ఎక్కువే చెప్తున్నాం.

కొనడం

ఇక్కడి నుంచి గిటార్ మోసుకుపోవాలన్న ఆలోచన మానుకోండి. రెండు సూట్‌కేసుల్లో బట్టలు, పచ్చళ్లు, కుక్కర్ పట్టడమే కష్టం. అమెరికా, యూరప్‌లలో పాత గిటార్లు చౌక. చదువు అయిపోయి ఊరు మారే విద్యార్థులు మే, డిసెంబర్ నెలల్లో సామాను అమ్ముకుంటారు. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, క్రెయిగ్స్‌లిస్ట్ చూడండి, దుబాయ్‌లో అయితే డుబిజిల్. 100 నుంచి 150 డాలర్లలో ఒకరు వాడిన యమహా దొరికితే కళ్లు మూసుకుని కాకపోయినా కింద చెప్పిన పరీక్షలు చేసి తీసుకోవచ్చు. కొత్తదే కావాలంటే యమహా ఎఫ్‌జి800 లాంటిది 200 డాలర్లు దాటుతుంది. బ్యాగు, బెల్టు, తీగలు మీటే పిక్కులు, శ్రుతి చూసే ట్యూనర్ అన్నీ కలిపి 60 డాలర్లకే ఇస్తామనే కిట్‌ల జోలికి పోవద్దు. బ్యాగు మంచిదే ఉంటుంది, గిటార్ ఉండదు. టొరంటోలో ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది: అక్కడి పబ్లిక్ లైబ్రరీ పుస్తకాల లాగే వాద్యాలు కూడా అరువిస్తుంది. మీ ఊరి లైబ్రరీలోనూ అడిగి చూడండి, అడగడానికి పైసలు కావు.

ఏ రకం కొనాలి? మన పాటలకు తోడుగా వాయించాలంటే స్టీల్ తీగల అకూస్టిక్ సరిపోతుంది. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ వేళ్లకు మెత్తగా ఉంటుంది గానీ దాని మెడ వెడల్పు. తీగలు మొదలయ్యే నట్ దగ్గర 52 మిల్లీమీటర్లు ఉంటుంది, స్టీల్ గిటార్‌కు 43, 44 మాత్రమే. చిన్న చేతులకు ఆ తేడా బాగా తెలుస్తుంది. నైలాన్ గిటార్‌కు స్టీల్ తీగలు మాత్రం ఎన్నడూ ఎక్కించొద్దు. నైలాన్ తీగలన్నీ కలిపి లాగేది దాదాపు 40 కిలోల బలం, స్టీల్ తీగలు 70 కిలోల దాకా లాగుతాయి. మెడ వంగుతుంది, తీగల కింది కొసలు పట్టి ఉంచే చెక్క ముక్క, అంటే బ్రిడ్జ్, ఊడొస్తుంది.

పాత గిటార్ చూడ్డానికి పోయేటప్పుడు జేబులో నాలుగు బ్యాంకు కార్డులు పెట్టుకోండి. ఒక్కో కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. అక్షరాలు ఉబ్బెత్తుగా లేని కార్డులైతే కొలత సరిగ్గా వస్తుంది. ఫ్రెట్లంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు, నట్ వైపు నుంచి లెక్కపెట్టాలి. పన్నెండో ఫ్రెట్ మీద, అన్నిటికన్నా లావు తీగ కింద మూడు కార్డులు కలిపి దూర్చండి. అవి తీగను తాకీ తాకనట్టు పడితే ఎత్తు బాగున్నట్టే. నాలుగు కార్డులు కూడా వదులుగా దూరిపోతే ఆ గిటార్ మీ వేళ్లను ఏడిపిస్తుంది. ఇక అదే తీగను ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, ఇంకో చేత్తో మెడ డొల్లకు కలిసే చోట నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూడండి. కాగితమంత సందు ఉండాలి. పెన్సిల్ మొన దూరేటంత ఉంటే మెడ వంగింది. బ్రిడ్జ్ వెనుక అంచు కిందికి కాగితం దూరితే జిగురు వదులుతోందని అర్థం, అది వద్దు. గీతలు, రంగు పోయిన మచ్చలు ఉంటే బేరమాడడానికి పనికొస్తాయి, అంతే.

తీగలు ఎత్తుగా ఉన్నా మిగతాదంతా బాగుంటే వదులుకోనక్కర్లేదు. గిటార్ దుకాణాల్లో 'సెటప్' అంటే చేసిస్తారు. అమెరికాలో సుమారు 50 నుంచి 80 డాలర్లు తీసుకుంటారు. ఆ ఖర్చు కొత్త గిటార్‌కైనా పెట్టదగ్గదే. కొనే ముందు ఇంకో చిన్న పరీక్ష: మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) బిగించి, ఏదైనా తీగ నొక్కి చూడండి. కాపో పెట్టగానే నొక్కడం ఒక్కసారిగా సులువైతే నట్‌లో గాడులు లోతు తక్కువ ఉన్నట్టు. మొదట నేర్చుకునే 'ఏ మైనర్' (A), 'సి' (C) లాంటి కార్డ్‌లు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, మొదటి ఫ్రెట్ దగ్గరే కాబట్టి, దీన్ని బాగు చేయించకుండా మొదలుపెడితే నొప్పికి మీ వేళ్లనే తిట్టుకుంటారు. ఈ గాడులను ఆకురాయితో మీరే అరగదీయొద్దు. ఒక్క గీత ఎక్కువ పోయినా తీగ ఫ్రెట్‌కు తగిలి బరబరమంటుంది.

చెక్కకు వాతావరణం

గిటార్ చెక్క 45 నుంచి 55 శాతం తేమలో సుఖంగా ఉంటుంది. షికాగో, మినియాపోలిస్, టొరంటో లాంటి చోట్ల చలికాలం హీటర్ నడిచే గదిలో తేమ ఇరవైల్లోకి పడిపోతుంది. నల్లగొండ మే ఎండలో ఆరబెట్టిన దానికి అదేం తక్కువ కాదు. ముందు తెలిసే గుర్తు ఫ్రెట్ల కొసలు. మెడ అంచు మీద చెయ్యి జరిపితే గీరుకుంటాయి, ఎందుకంటే చెక్క కుంచించుకుపోతుంది, లోహం కుంచించుకోదు. ఆ తర్వాత పై పలక లోపలికి దిగి తీగలు బరబరమంటాయి. అప్పటికీ పట్టించుకోకపోతే పగులు.

తేమ కొలిచే పది డాలర్ల హైగ్రోమీటర్ ఒకటి కొని గిటార్ పెట్టెలో వేయండి. వాయించనప్పుడు గిటార్ పెట్టెలోనే ఉండాలి, గోడకు వేలాడదీస్తే చూడ్డానికి మాత్రమే బాగుంటుంది. తేమ 40 కన్నా తగ్గితే గిటార్ కోసం అమ్మే తేమ గొట్టం వాడండి. లేదంటే మూతకు నాలుగైదు బెజ్జాలు పెట్టిన సబ్బు డబ్బాలో తడిపి గట్టిగా పిండిన స్పాంజ్ పెట్టి, మెడ పక్కన ఉంచినా చాలు. చుక్క నీరు కారకూడదు. గల్ఫ్‌లో తిప్పలు వేరే. గది లోపల ఏసీ, బయట ఉక్కపోత, ఎండలో నిలిపిన కారు. కారులో గిటార్ వదిలేస్తే జిగురు మెత్తబడి బ్రిడ్జ్ లేస్తుంది. అరగంట కోసమైనా వదలొద్దు.

శ్రుతి

ఆరు తీగలు, లావు దాని నుంచి సన్నదానికి, ఇంగ్లీష్ అక్షరాల పేర్లతో: ఈ, ఏ, డి, జి, బి, ఈ (E, A, D, G, B, E). సన్న తీగ మొదటిది, లావుది ఆరోది. ఫోన్‌లో గిటార్‌ట్యూనా లాంటి ఉచిత యాప్ చాలు. రూమ్మేట్లు మాట్లాడే గదిలో అయితే మెడకు తగిలించే క్లిప్ ట్యూనర్ మేలు, అది చెక్క అదురును పట్టుకుంటుంది కాబట్టి పక్కవాళ్ల మాటలతో దానికి పనిలేదు.

కొత్తవాళ్ల తీగలు తెగేది ఎక్కువగా ఇక్కడే. ట్యూనర్ 'ఈ' అని చూపిస్తుంది గానీ అది ఏ స్థాయి 'ఈ' అన్నది కొన్ని ట్యూనర్లు చెప్పవు. ఆరో తీగ 'ఈ' 82 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది, మొదటి తీగ 'ఈ' 330 చుట్టూ. తిప్పుతుంటే తీగ మరీ గట్టిపడి కీచుమంటోందంటే ఆగండి, వదులు చేసి కింది నుంచి మళ్లీ రండి. ఎప్పుడైనా కింది స్వరం నుంచి పైకి బిగిస్తూ ఆపాలి. పై నుంచి దించి ఆపితే గేర్లలో వదులు మిగిలి, రెండు కొట్లకే శ్రుతి జారుతుంది.

సంగీతం విన్న చెవి ఉన్నవాళ్లకు ఇంకో దారి. పక్కపక్క తీగల మధ్య దూరం స నుంచి శుద్ధ మధ్యమం, అంటే ఐదు ఫ్రెట్లు. మూడు, రెండు తీగల మధ్య మాత్రం స నుంచి అంతర గాంధారం, నాలుగు ఫ్రెట్లు. ఇది చెవిలో పడితే ఫోన్ లేకుండానే శ్రుతి చేసుకోవచ్చు.

తీగలు మొదటి ఏడాది సన్నవే వాడండి. 0.010 అంగుళంతో మొదలయ్యే సెట్ అడగండి. చాలా గిటార్లకు దుకాణంలో 0.012 ఎక్కించి ఉంటుంది. రోజూ వాయిస్తే మూడు నెలలకోసారి మార్చాలి, చెమట చేతులవాళ్లు ఇంకా ముందే. కొత్త తీగ ఖూంటీకి రెండు మూడు చుట్లు ఉండాలి, అంతకన్నా ఎక్కువ చుడితే వారం రోజులు జారుతూనే ఉంటుంది. ఒకదాని తర్వాత ఒకటి మార్చండి, అన్నీ ఒకేసారి ఊడదీయొద్దు.

వేళ్లు

ఎడమ చేతి గోళ్లు పూర్తిగా తీసెయ్యాలి. బొటనవేలు మెడ వెనుక, మధ్య వేలికి ఎదురుగా. వేలు ఫ్రెట్ మీద కాదు, దానికి వెనుక, నట్ వైపు అర సెంటీమీటరు లోపల నొక్కాలి. ఫ్రెట్ల మధ్య ఖాళీ నడుమ నొక్కితే రెండింతల బలం పెట్టినా బరబరమే వస్తుంది. కార్డ్ పట్టాక తీగలు ఒక్కొక్కటిగా మీటండి. ఒకటి మూగగా ఉంటే ముందు పక్క వేలు దానికి తగులుతోందేమో చూడండి. వేళ్లు పడగలా వంగి కొసలతో దిగితే ఈ బాధ చాలా మట్టుకు పోతుంది.

మొదటి రెండు వారాలు పది నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లు. ఆదివారం ఒక్కరోజు రెండు గంటలు కూర్చుంటే వేళ్లు వాచి, బుధవారం దాకా గిటార్ ముట్టరు. కొసల మంట మూడు నాలుగు వారాల్లో చర్మం గట్టిపడి పోతుంది. అంట్లు తోమాక, స్నానం చేశాక చర్మం మెత్తగా ఉంటుంది కాబట్టి అరగంట ఆగండి. కొసల మంట మామూలే. మణికట్టు నొప్పి, వేళ్ల తిమ్మిరి మామూలు కాదు. వస్తే ఆపి, మణికట్టు మరీ వంగుతోందేమో చూసుకోండి.

మొదటి కార్డ్ 'ఈ మైనర్' (E): ఐదు, నాలుగు తీగల మీద రెండో ఫ్రెట్, మధ్య వేలు, ఉంగరం వేలు. రెండోది ఏ మైనర్: రెండో తీగ మొదటి ఫ్రెట్‌లో చూపుడు వేలు, నాలుగో తీగ రెండో ఫ్రెట్‌లో మధ్య వేలు, మూడో తీగ రెండో ఫ్రెట్‌లో ఉంగరం వేలు. ఆరో తీగ కొట్టొద్దు. దీని నుంచి సి కి పోవాలంటే ఉంగరం వేలొక్కటి లేపి ఐదో తీగ మూడో ఫ్రెట్‌లో దించితే అయిపోయింది, మిగతా రెండూ కదలవు. జి: ఆరో తీగ మూడో ఫ్రెట్‌లో మధ్య వేలు, ఐదో తీగ రెండో ఫ్రెట్‌లో చూపుడు, మొదటి తీగ మూడో ఫ్రెట్‌లో ఉంగరం. డి: మూడో తీగ రెండులో చూపుడు, మొదటి తీగ రెండులో మధ్య, రెండో తీగ మూడులో ఉంగరం, నాలుగో తీగ నుంచి కిందికే కొట్టాలి.

ఈ ఐదు చాలు, ఆరు నెలలకు సరిపోతాయి. కార్డ్ పట్టడం కష్టం కాదు, మారడం కష్టం. ఫోన్‌లో ఒక నిమిషం పెట్టుకుని ఏ మైనర్, జి మధ్య ఎన్నిసార్లు మారగలిగారో లెక్కపెట్టండి. మొదట పది వస్తాయి. ముప్పై దాటేదాకా ఆ రెండు కార్డ్‌ల పాట మొదలుపెట్టకండి. మొదలుపెడితే ప్రతి మార్పు దగ్గరా తాళం ఆగుతుంది, ఆ ఆగడమే అలవాటుగా మిగిలిపోతుంది. చూపుడు వేలు తీగలన్నిటి మీదా అడ్డంగా పరిచి పట్టే ఎఫ్ బారే కార్డ్ కోసం తొందరపడొద్దు, వేళ్లలో బలం లేకుండా పట్టాలని చూసి వదిలేసినవాళ్లు బోలెడుమంది.

మన పాట ఎలా పట్టుకోవాలి

ఇంటర్నెట్‌లో ఇంగ్లీష్ పాటలకు కార్డ్‌లు రాసి దొరుకుతాయి. మన పల్లె పాటలకు, బతుకమ్మ పాటలకు దొరకవు. అయినా వెతుక్కోవడం కష్టమేం కాదు. మెట్ల వాద్యం పాలమూరుకు కొత్తది కాదు. 2022లో పద్మశ్రీ అందుకున్న నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగులయ్య వాయించే కిన్నెరను పన్నెండు మెట్ల కిన్నెర అనే అంటారు. గిటార్‌లో ఒక్కో ఫ్రెట్ ఒక్కో స్వరస్థానం, పన్నెండో ఫ్రెట్‌కు అదే స్వరం పై స్థాయిలో వస్తుంది.

పాట పాడుతూ పల్లవి చివర ఎక్కడ విశ్రాంతిగా ఆగుతుందో ఆ స్వరం పట్టుకుని ఊఁ కొట్టండి. దాదాపు ఎప్పుడూ అదే స. దాన్ని ఆరో తీగ మీద వెతకండి. ఖాళీ తీగ ఈ, ఒకటి ఎఫ్, మూడు జి, ఐదు ఏ, ఏడు బి, ఎనిమిది సి, పది డి. స దొరికాక అక్కడి నుంచి మూడో ఫ్రెట్, నాలుగో ఫ్రెట్ రెండూ మీటి చూడండి. పాటలో మూడోది వినిపిస్తే సాధారణ గాంధారం, మైనర్ కార్డ్ పడుతుంది. నాలుగోది వినిపిస్తే అంతర గాంధారం, మేజర్ పడుతుంది. రెండూ లేకపోతే స, ప రెండే కొట్టి ఊరుకోండి, బాగానే ఉంటుంది.

రెండో కార్డ్ ఏది? ఏ మైనర్‌కు జి, ఈ మైనర్‌కు డి తోడు. మేజర్ అయితే డి కి 'ఏ' మేజర్ (A) తోడు, నాలుగు, మూడు, రెండు తీగల మీద రెండో ఫ్రెట్. పాట రి మీదో ని మీదో నిలబడ్డప్పుడు తోడు కార్డ్‌కు మారి, స మీదికి రాగానే ఇంటికి రండి. ఐదారు స్వరాల్లో తిరిగే పల్లె పాటకు ఇంతకన్నా ఎక్కువ కార్డ్‌లు వేస్తే పాట సినిమా అయిపోతుంది.

పాడేవాళ్ల శ్రుతికి కాపో. ఒకటి శ్రుతి అంటే సి, రెండు డి, మూడు ఈ, నాలుగు ఎఫ్, ఐదు జి, ఆరు ఏ. నడుమవి అరలు. అక్క ఐదున్నరలో పాడుతుంటే కాపో నాలుగో ఫ్రెట్‌లో బిగించి ఈ మైనర్ ఆకారం పట్టండి. ఒకటి శ్రుతికి మూడో ఫ్రెట్‌లో కాపో, ఏ మైనర్ ఆకారం. రెండున్నరకు మొదటి ఫ్రెట్‌లో కాపో, డి ఆకారం. కాపో బిగించాక శ్రుతి మళ్లీ చూసుకోవాలి, కొంచెం పైకి లాగుతుంది.

చప్పట్లు కొడుతూ తిరిగే బతుకమ్మ పాటల్లో చాలావాటికి తిశ్ర నడక పడుతుంది. తకిట తకిట అనుకుంటూ, 'త' దగ్గర లావు తీగ ఒక్కటి బొటనవేలితో, 'కిట' దగ్గర సన్న తీగలు రెండుసార్లు కిందికి. అమెరికా పాఠాల్లో మొదట నేర్పే నాలుగు దెబ్బల స్ట్రమ్మింగ్ దీనికి పెడితే చప్పట్లు ఒక దిక్కు, గిటార్ ఒక దిక్కు పోతాయి. మెట్రోనోమ్, అంటే నిమిషానికి ఇన్ని దెబ్బలని తాళం కొట్టే యాప్, 60 దగ్గర మొదలుపెట్టి, ఒక్కో కొట్టుకు ఒక తకిట. తప్పకుండా రెండు నిమిషాలు నడిస్తేనే నాలుగు అంకెలు పెంచండి.

నేర్చుకునేది ఎవరి దగ్గర, ఎప్పుడు

ఉచితంగా, వరుసగా పాఠాలున్న జస్టిన్ గిటార్ సైట్ మొదటి ఆరు నెలలకు చాలు. అయినా నెలకు రెండుసార్లయినా మనిషి చూడాలి, మణికట్టు వంపు వీడియో పాఠానికి కనిపించదు. హైదరాబాద్‌లోని గురువు దగ్గర ఆన్‌లైన్‌లో నేర్చుకోవాలంటే, డల్లాస్‌లో శనివారం పొద్దున 9 అంటే, అక్కడి వేసవి గడియారం నడిచేటప్పుడు ఇక్కడ రాత్రి 7:30, అక్కడ గడియారం వెనక్కి తిప్పాక 8:30. నవంబర్, మార్చి నెలల్లో ఈ గంట తేడాతో క్లాసులు తప్పుతుంటాయి. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' ఆన్ చేయకపోతే గిటార్ శబ్దాన్ని గోల అనుకుని కత్తిరించేస్తుంది. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు. గురువు వాయించాక మీరు వాయించండి.

జర్మనీలో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నిశ్శబ్దం పాటించాలి, ఆదివారం పగలు కూడా జాగ్రత్త. అమెరికా అపార్ట్‌మెంట్ల కిరాయి కాగితాల్లోనూ రాత్రి 10 తర్వాత గోల వద్దని సాధారణంగా ఉంటుంది. గల్ఫ్‌లో షిఫ్టులు పంచుకునే గదిలో అయితే పగలు కూడా ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు. బ్రిడ్జ్ దగ్గర తీగల కింద స్పాంజ్ ముక్క దూర్చితే శబ్దం సగానికి పైగా తగ్గుతుంది, కార్డ్ మార్పుల సాధనకు అది చాలు. ఇల్లు మరీ ఇరుకైతే హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎలక్ట్రిక్ గిటార్ వాయించుకోవడమే నయం.

ఊరికి తెచ్చేటప్పుడు

అమెరికా విమాన సంస్థలు, పైన సామాను అర ఖాళీ ఉంటే గిటార్‌ను చేతి సామానుగా ఎక్కనివ్వాలి. 2012 చట్టం, 2015లో అమల్లోకి వచ్చిన నిబంధన అదే చెప్తాయి. మిగతా దేశాల సంస్థలకు ఆ నిబంధన పట్టదు, టికెట్ కొనకముందే అడగాలి. చెక్ ఇన్ చేయాలంటే గట్టి పెట్టె తప్పదు. పొడవు, వెడల్పు, మందం కలిపి 158 సెంటీమీటర్లు దాటితే చాలాచోట్ల అదనంగా వసూలు చేస్తారు, గిటార్ పెట్టెలు చాలావరకు ఆ గీత దాటుతాయి, కొలిచి చూసుకోండి. తీగలు పూర్తిగా విప్పొద్దు, రెండు మూడు స్వరస్థానాలు దించితే చాలు. తల కింద, మెడ కింద బట్టలు కుక్కండి, పెట్టె కింద పడ్డప్పుడు విరిగేది అక్కడే.

రోజ్‌వుడ్ చెక్క గిటార్లకు 2017లో పెట్టిన అనుమతి పత్రం నిబంధనను, తయారైన వాద్యాల వరకు 2019 నవంబర్‌లో ఎత్తేశారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు మాత్రం ఇంకా ఉంది, అది మామూలు గిటార్లలో ఉండదు. ఆంప్లిఫయర్ తెచ్చే ముందు వెనుక చీటీ చదవండి. అమెరికాలో కొన్నది 120 వోల్టులదైతే మన 230 వోల్టుల ప్లగ్‌లో పెట్టగానే కాలిపోతుంది. దాన్ని అక్కడే అమ్ముకుని గిటార్ ఒక్కటే తెచ్చుకోండి. శంషాబాద్ నుంచి నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో వచ్చేటప్పుడు పెట్టెను డిక్కీలో కాకుండా ఏసీ తగిలే సీటు మీద పెట్టించండి. ఇంటికి చేరాక వెంటనే తెరవకుండా నాలుగైదు గంటలు గది వేడికి అలవాటు పడనిచ్చి, ఆ తర్వాత శ్రుతి చేయండి.